మేనేజర్ చెవి

దుకాణంలో, అద్దం ముందు కుర్చీ

చిట్టెలుకకి,

ఉత్తరం చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావని తెలుసు. ఫోన్లో నువ్వు "బాగున్నావా అత్తా" అంటావు, నేను "బాగున్నా" అంటాను. నువ్వు "తిన్నావా" అంటావు, నేను "తిన్నా" అంటాను. ఆ తర్వాత ముందు ఎవరు పెట్టేస్తారా అని ఇద్దరం ఎదురుచూస్తాం. ఈ విషయం అలా తేలేది కాదు.

విషయం ఏమిటంటే, నాకు పచ్చబొట్టు కావాలి. ముందు నవ్వేసి, తర్వాత చదువు. ఈ వయసులో ఇదేం సరదా అని మీ అమ్మ అంటుంది, అందుకే ఆవిడ చెవిన వెయ్యకు. నువ్వు పచ్చబొట్ల పని నేర్చుకుంటానన్నప్పుడు వదిన ముఖం ఎలా మాడ్చుకుందో నాకింకా గుర్తుంది. నేను మాత్రం జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన ప్రతి మనిషికీ గొప్పగా చెప్పుకున్నాను. మా అన్నయ్య కూతురు మనుషుల ఒంటి మీద బొమ్మలు వేస్తుంది అని.

నాకు పిల్లి బొమ్మ కావాలి. ఏదో ఒక పిల్లి కాదు, మా మేనేజర్. మీరు ఇక్కణ్ణించి ఇల్లు మారాక వచ్చింది కాబట్టి నీకు తెలియదు. బూడిద రంగు ఒళ్ళు, ముక్కు మీద టీ ఒలికినట్టు ఒక మచ్చ. నేను అద్దం వైపు తిరిగి కస్టమర్ జుట్టు కత్తిరిస్తుంటే, నా వెనక బెంచీ మీద కూర్చుని వచ్చేవాళ్ళని ఎగాదిగా చూడటం దాని ఉద్యోగం. ఒకావిడ లోపలికి వస్తూ "మేనేజర్ గారూ, ఖాళీ ఉందా?" అని దాన్నే అడిగింది. అప్పటి నుంచి అదే పేరు.

ముఖ్యమైనది చెవి. ఒక చెవి కొస తెగిపోయి ఉంటుంది. ఏ చెవి అంటే, దాని ముఖంలోకి సూటిగా చూస్తున్నప్పుడు నీ ఎడమ చేతి వైపు ఉండే చెవి. ఇది మరిచిపోకు. ఆ తెగిన చెవి లేకపోతే అది ఊళ్ళో ఏ పిల్లైనా కావచ్చు.

కుడి ముంజేతి లోపలి వైపు వేయించుకుందామని ఉంది. కత్తెర పట్టుకున్నప్పుడు కనిపిస్తుంది. బొమ్మ గీసి పంపు. తీరిక ఉన్నప్పుడే గీయి, నాకు తొందరేమీ లేదు.

నీ అత్త


స్టూడియో మెట్ల మీద

అత్తకి,

నవ్వలేదు. ఎగిరి గంతేశాను. మెట్ల మీద ఎవరూ లేరు కాబట్టి పరువు దక్కింది.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. నేను ఇంతవరకూ మనిషి ఒంటి మీద సూది పెట్టలేదు. రబ్బరు తోలు ముక్కల మీదే గీస్తున్నాను. సూదుల గొట్టాలు కడుగుతాను, కుర్చీలు తుడుస్తాను, రంగులు పోస్తాను. ఇక్కడ మాస్టర్‌కి ఒక పద్ధతి ఉంది. నేర్చుకునేవాళ్ళు మొదటి బొమ్మ కస్టమర్ మీద వెయ్యకూడదు. బతికినంత కాలం ముఖం చూడక తప్పని మనిషి మీదే వెయ్యాలి. "తప్పు గీస్తే ఆ తప్పు నీకు పదే పదే ఎదురు రావాలి. అప్పుడే చెయ్యి ఒళ్ళు దగ్గర పెట్టుకుంటుంది" అంటారు. అది వేసిన వాళ్ళకే ఇక్కడ సొంత కుర్చీ, సొంత కస్టమర్లు.

ఇక్కడ నాకు బోలెడుమంది స్నేహితులున్నారు, అడిగితే ఎవరో ఒకరు చెయ్యి చాపుతారు. కానీ నువ్వే అడిగాక వేరేవాళ్ళెందుకు? నా మొదటి బొమ్మ నీ చేతి మీదే, మేనేజర్ గారిదే.

దీంతో పంపిన కాగితం మీద ఉన్నది అచ్చు. చెయ్యి సబ్బుతో కడుక్కుని, చిన్న డబ్బాలోని జిగురు పల్చగా రాసి, కాగితం అదిమిపెట్టి మెల్లగా తియ్యి. ఊదా రంగు గీతలు చేతికి దిగుతాయి. అవి చెరిగిపోయేదాకా ఆ పిల్లితో తిరుగు, పని చేసుకో, దానివైపు చూస్తూ ఉండు. తర్వాత ఎలా ఉందో రాయి. మాస్టర్ ఎవరికైనా ఇలాగే ముందు తిరిగి రమ్మంటారు. బొమ్మ బాగుండటం వేరు, దాంతో కాపురం చెయ్యడం వేరు అని ఆయన వాదన.

ఇంకో రెండు సంగతులు కావాలి. మేనేజర్ ఫోటో ఒకటి పంపు. ఆ పిల్లి నీకు ఎందుకు కావాలో ఒక్క ముక్కలో రాయి. అది చెప్పలేని వాళ్ళకి మాస్టర్ సూది ముట్టుకోనివ్వరు.

చిట్టెలుక


దుకాణంలో, మధ్యాహ్నం గిరాకీ లేని వేళ

చిట్టెలుకకి,

ఎలుక గీసిన పిల్లి చేరింది. కవరు చింపకుండా కత్తెరతో కత్తిరించాను. జిగురు పల్చగా రాయమన్నావు, నా చెయ్యి నీకు తెలిసిందే, కాస్త దట్టంగానే పడింది. అయినా బాగా దిగింది.

నీ పిల్లిని వేసుకుని పని చేశాను, సరుకులు తెచ్చుకున్నాను, బ్యాంకుకి వెళ్ళాను. షాంపూ నీళ్ళకి ముందు తోక పోయింది, తర్వాత మీసాలు, చివరికి చెవులు మిగిలాయి. ఇంతా చేసి ఎవరైనా అడిగారా అంటే, ఒక్కరూ అడగలేదు. జుట్టు కత్తిరించుకునేవాళ్ళు అద్దంలో తమ ముఖం తప్ప ఇంకేం చూడరని నాకు తెలుసు, అయినా కత్తెర కావాలని వాళ్ళ ముక్కుల ముందే ఆడించాను. పక్క వీధి టీచరమ్మ మాత్రం "చేతికి దెబ్బ తగిలిందా?" అంది. ఎనభై ఏళ్ళ మనిషి, కళ్ళు సరిగా కనిపించవు. అయినా ఆవిడ అడిగినందుకు సంతోషంగా అనిపించింది.

బొమ్మ సంగతి. పిల్లిని వీపు తిప్పి, కిటికీలోంచి బయటికి చూస్తున్నట్టు గీశావు. అందంగానే ఉంది. కానీ నాకు వీపు తిప్పి వెళ్ళిపోయే వాళ్ళు రోజుకి పదిమంది ఉంటారు. చేతి మీద కూడా ఇంకొకటి ఎందుకు? ఇటు తిప్పు దాన్ని.

ఫోటో లేదు. దానికి ఫోటోలంటే పడదు. ఎందుకు కావాలంటే ఏం చెప్పను? నాకు పిల్లి అంటే పిల్లే. మీ మాస్టర్‌ని మరీ అంత చాదస్తం పనికిరాదని చెప్పు.

నువ్వేం తింటున్నావో రాయలేదు. గదిలో ఇంకెవరున్నారు? గాలి వస్తుందా? ఆ బోలెడుమంది స్నేహితులు ఎలాంటివాళ్ళు? ఒక్కొక్కళ్ళ గురించీ రాయి. నాకు చదవడానికి టైముంది.

నీ అత్త


గదిలో, కిటికీ పక్కన

అత్తకి,

నువ్వు "పిల్లి అంటే పిల్లే" అన్నావని చెబితే, "అయితే మీ అత్తని గోడకి క్యాలెండర్ తగిలించుకోమను" అన్నారు మాస్టర్.

నీకు సాయం చేద్దామని ఇక్కడికి వచ్చేవాళ్ళని అడిగాను. పిల్లి బొమ్మ వేయించుకునే వాళ్ళు బాగానే వస్తారు. ఒకమ్మాయికి పిల్లి అంటే ఎవరి మాటా వినకపోవడం. ఇంకొకాయనకి ఎంత ఎత్తు నుంచి పడ్డా కాళ్ళ మీదే నిలబడటం, ఆయన వ్యాపారం రెండుసార్లు మునిగిందట. ఒకావిడ భర్త వదిలేసి వెళ్తూ పిల్లిని కూడా పట్టుకుపోయాడట, మనిషి పోతే పోయాడు గానీ పిల్లి కోసం ఏడుపొస్తుంది అంది. వీటిలో నీది ఏదైనా ఉందా? లేకపోతే కొత్తది చెప్పు. నవ్వను.

ఈసారి పిల్లిని చుట్టచుట్టుకుని పడుకోబెట్టాను. చెవి నువ్వు చెప్పిన వైపే తెగి ఉంటుంది, చూడు. గీతలు కొంచెం లావు చేశాను. నీ వయసు చర్మం మీద సన్నటి గీతలు నాలుగేళ్ళకి అలుక్కుపోతాయి. ఈ ముక్క మాస్టర్ చెప్పమన్నారు, నా మీద విసుక్కోకు.

గదిలో నాతో ఇద్దరున్నారు. ఒకమ్మాయి ఆస్పత్రిలో, ఇంకొకమ్మాయి గిడ్డంగిలో పని చేస్తారు. ముగ్గురి వేళలూ వేరు. గుమ్మం దగ్గర ఎవరి చెప్పులుంటే వాళ్ళు లోపల పడుకున్నారని అర్థం. నేను బ్రెడ్డూ గుడ్డూ తింటున్నాను. గాలి వస్తుంది. స్నేహితుల గురించి ఇంకోసారి రాస్తాను.

నాతోపాటు చేరిన ఉంగరాల జుట్టు అమ్మాయి వాళ్ళ తమ్ముడి భుజం మీద చేప వేసేసింది. ఆమె కుర్చీ ఆమెకి వచ్చింది. మిగిలింది ఒక్క కుర్చీ. ఎండలు ముదిరేలోగా నేను మొదటి బొమ్మ వెయ్యకపోతే దానికి వేరే ఎవర్నో చూసుకుంటానని మాస్టర్ అన్నారు. ఆయన కోపంగా అనలేదు, అందుకే భయమేసింది. అత్తా, ఈసారి తేల్చెయ్యవూ!

చిట్టెలుక


దుకాణం వెనక గది

చిట్టెలుకకి,

పడుకున్న పిల్లిని వేసుకున్నాను. టీచరమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి కళ్ళజోడు పెట్టుకుని చూసి, "మడత పెట్టిన తువ్వాలు బొమ్మ భలే వేశావే" అంది. ఆవిడ తప్పు లేదు. చుట్టచుట్టుకుంటే ముఖం ఎక్కడుందో వెతుక్కోవాలి. నాకు ముఖం కావాలి. పైగా మేనేజర్ డ్యూటీలో ఎప్పుడూ పడుకోదు.

ఇలా గీయి. ముందు కాళ్ళు ఛాతీ కిందకి మడుచుకుని, తోక చుట్టూ పెట్టుకుని, సూటిగా నిన్నే చూస్తూ. కళ్ళు సగం మూసి ఉండాలి. నువ్వు చెబుతున్నదంతా వింటున్నాను గానీ నమ్మడం లేదు అన్నట్టు. ఆ చూపు కుదిరితే మిగతాదంతా కుదిరినట్టే. తోక చారలుగా ఉండాలా, సాదాగానా అన్నది మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను. మీసాల సంగతి కూడా మాట్లాడుకోవాలి. అన్నీ ఒకేసారి ఎందుకు, తోక ఈసారి, మీసాలు వచ్చేసారి.

ఇక్కడ ఎదురుగా ఉన్న గడియారాల కొట్టు మూసేశారు. ఆయనతో పొద్దున్నే తాళాలు తీసేటప్పుడు ఒక మాట, సాయంత్రం వేసేటప్పుడు ఒక మాట ఉండేది. ఇప్పుడు ఆ షట్టర్‌కి ఎవరో సినిమా పోస్టర్లు అంటించారు. మొన్న బజార్లో ఒకావిడ "ఏమండీ, గుర్తుపట్టలేదా!" అని నిలదీసింది. నిజంగానే పట్టలేదు. ఎన్నో ఏళ్ళుగా నా దగ్గరే జుట్టు కత్తిరించుకుంటోందట. నాకు ఇది అలవాటే. కస్టమర్లు బయట ఎదురైతే పాపిడి అటుది ఇటు మారి, ఎవరో చుట్టాల పిల్లలా కనిపిస్తారు. కుర్చీలో కూర్చోబెట్టి అద్దంలో చూస్తే గానీ ఎవరో తెలియదు. ఆవిడ నొచ్చుకున్నట్టుంది, ఈ నెల రాలేదు.

మీ మాస్టర్ తొందర పెడతాడులే. పెద్దవాళ్ళు అలాగే అంటారు. గుడ్డు రోజూ తినకు, వేడి చేస్తుంది. స్నేహితుల గురించి రాస్తానని రాయలేదు.

నీ అత్త


స్టూడియోలో, రంగుల బల్ల దగ్గర

అత్తకి,

నువ్వు చెప్పినట్టే గీశాను. కాళ్ళు మడిచి, కళ్ళు సగం మూసి, సూటిగా చూస్తూ. తోక సాదాగా వేశాను. మీసాలు కూడా వేశాను, వచ్చేసారి దాకా ఆగలేదు.

ఇది నేను ఇంతవరకూ గీసిన వాటిలో మంచి బొమ్మ. ఉంగరాలమ్మాయి కూడా తలెత్తి చూసింది. మాస్టర్ చాలాసేపు చూసి "చెయ్యి కుదిరింది" అన్నారు. ఆయన నోట ఆ మాట రావడం ఇదే మొదటిసారి. తర్వాత "మనిషెక్కడ?" అని అడిగారు.

అత్తా, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మొదట కిటికీ, తర్వాత తువ్వాలు, ఇప్పుడు తోక, దాని తర్వాత మీసాలు. ప్రతిసారీ పిల్లి మీదా ఎలుక మీదా పెట్టి వాయిదా వేస్తున్నావు. ఫోటో అడిగితే లేదంటావు. ఎందుకు కావాలంటే చెప్పవు. నీకు కావాల్సింది పిల్లా, ఉత్తరాలా? ఉత్తరాలే కావాలంటే ఆ మాటే చెప్పి ఉండాల్సింది. నేను ఊరికే రాసేదాన్ని. నా కుర్చీని మధ్యలోకి లాగాల్సిన పని లేదు.

నాకు ఇక్కడ స్నేహితులు ఎవరూ లేరు. బోలెడుమంది కాదు, ఒక్కరు కూడా లేరు. చెయ్యి చాపమని అడగగలిగేంత దగ్గరి మనిషి ఈ ఊళ్ళో నాకు లేరు. అమ్మని అడగలేను. నాన్న అమ్మ మాట దాటడు. ఉన్నది నువ్వే. ఇక్కడికి వస్తావో రావో వచ్చే వారంలోగా ఒక్క ముక్క రాయి.

నీ మేనకోడలు


దుకాణం

బొమ్మ అందింది. కాస్త పని మీద తిరుగుతున్నాను. తేల్చి రాస్తాను.

అత్త


గదిలో, మంచం మీద

అత్తకి,

వారం గడిచింది. ఇంకో వారం కూడా గడిచింది. ఆ రెండు ముక్కల చీటీ తప్ప నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. పోస్టు పెట్టె ఎన్నిసార్లు తెరిచానో, కింద కాపలా ఆయనకి నా మీద అనుమానం వచ్చి ఉంటుంది. నేను అలా రాయకుండా ఉండాల్సింది. రాసిన మాటలు అబద్ధం కాదు, కానీ నీకు రాయాల్సినవి కాదు.

ఫోన్ చేద్దామని చాలాసార్లు తీశాను. నువ్వు "బాగున్నా" అంటావేమోనని భయపడి చెయ్యలేదు.

నిన్న మాస్టర్ ఆ చివరి కుర్చీ మీద దుమ్ము తుడవమన్నారు. ఎవరో చూడటానికి వస్తున్నారట. నేను తుడిచి, అందులో నేనే కూర్చుని, "మొదటి బొమ్మ ఇప్పుడు వేస్తాను" అన్నాను. "ఎవరి మీద?" అన్నారు. బతికినంత కాలం ముఖం చూడక తప్పని మనిషి అన్నారు కదా, ఆ మనిషిని నేనే అన్నాను. ఆయన వెళ్ళి చేతి తొడుగులు తెచ్చిచ్చారు.

నా కాలి మీద వేసుకున్నాను అత్తా, మోకాలికి పైన, తొడ మీద. మేనేజర్‌నే. వేరే బొమ్మ వెయ్యాలని అనిపించలేదు. సూది పెట్టగానే రబ్బరు తోలుకీ దీనికీ ఎంత తేడానో తెలిసింది. చర్మం కదులుతుంది, ఊపిరి తీస్తే గీత కూడా జరుగుతుంది. గడ్డం దగ్గర ఒక చోట లోతుగా గుచ్చాను, అక్కడ రంగు కాస్త పాకింది. మిగతాదంతా నిలబడింది. చెవి నువ్వు చెప్పినట్టే, చూసేవాళ్ళ ఎడమ చేతి వైపుది తెగి ఉంది.

మాస్టర్ ఒక్క వంక పెట్టారు. ఎవరి మీద వేసినా బొమ్మ ఎదుటివాళ్ళకి నిలువుగా కనిపించాలి. నేను దాన్ని నా వైపు తిప్పి వేసుకున్నాను. నిలబడితే లోకానికి తలకిందులుగా ఉంటుంది, కూర్చుని తల వంచితే సూటిగా నన్నే చూస్తుంది. "ఇలా వేశావేం?" అంటే "చూడటానికి ఎదుటివాళ్ళు ఉంటే కదా" అన్నాను. తర్వాత అందరినీ అడిగినట్టే నన్నూ అడిగారు, ఈ పిల్లి ఎందుకు అని. "మా అత్త దగ్గర నుంచి ఉత్తరం రాలేదు" అన్నాను.

కుర్చీ నాకే ఇచ్చారు. గదికి వచ్చి ఎవరికైనా చెబుదామనుకున్నాను. గుమ్మం దగ్గర ఎవరి చెప్పులూ లేవు. అందుకే నీకు రాస్తున్నాను. నీకు పిల్లి వద్దన్నా సరే, చేతి మీద ఏమీ వేయించుకోకపోయినా సరే. కోపం పోయాక రాయి.

చిట్టెలుక


దుకాణంలో, బెంచీ మీద

చిట్టెలుకా,

నాకు నీ మీద కోపం లేదు. ముందు అది తెలుసుకో.

నువ్వు అడిగినదానికి జవాబు రాస్తాను. ఉత్తరాలే కావాలి. నీ కవరు వచ్చిన రోజు దుకాణం తొందరగా కట్టేసేదాన్ని. బొమ్మ మీద నువ్వు రాసిన చిన్న చిన్న అక్షరాలు కూడా వదలకుండా చదివేదాన్ని. బొమ్మ ఖాయమైపోతే నువ్వు రాయడం మానేస్తావు. అందుకే ఒకసారి వీపు, ఒకసారి తోక. నీ కుర్చీ సంగతి తెలిసి కూడా అలా చేశాను. సిగ్గుగా ఉంది.

పిల్లి కూడా కావాలి, కానీ పిల్లి లేదు. వానలప్పుడే పోయింది, నీకు మొదటి ఉత్తరం రాయడానికి చాలా ముందు. పొద్దున్న షట్టర్ ఎత్తితే ఈ బెంచీ కింద పడుకుని ఉంది. పిలిస్తే తల ఎత్తలేదు. కస్టమర్లు "మేనేజర్ ఏరీ?" అని అడిగితే "సెలవు పెట్టారు" అన్నాను. కొన్నాళ్ళు అడిగారు, తర్వాత మానేశారు. పిల్లి పోయిందని ఇంత పెద్దదాన్ని ఏడిస్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. నీకు రాసేటప్పుడు మాత్రం అది ఇంకా నా వెనకే కూర్చుని ఉన్నట్టు రాసుకున్నాను. అలా రాస్తుంటే హాయిగా ఉండేది.

నువ్వు కోప్పడ్డాక బుద్ధి వచ్చింది. ఫోటో సంపాదించి పంపి, ఇదిగో ఇదే, వేసెయ్యి అని రాసేద్దామనుకున్నాను. టీచరమ్మ మనవరాలు ఒకసారి ఆవిడ జుట్టు కత్తిరింపు ఫోటో తీసింది, వెనక బెంచీ మీద పిల్లి పడిందని గుర్తు. ఆ పని మీదే తిరిగాను. ఫోటో దొరికింది. మేనేజర్ ఉంది, అదే చూపు. కానీ తెగిన చెవి నీకు చెప్పిన వైపు లేదు. రెండో వైపు ఉంది.

"ఈ ఫోటో తిరగబడిందండీ" అన్నాను టీచరమ్మతో. ఆవిడ "లేదమ్మా, నా చెంప మీద పుట్టుమచ్చ ఉన్న చోటే ఉందిగా" అంది. ఫోటో చూశాను, ఆవిడ ముఖం చూశాను. నాకు ఆ పుట్టుమచ్చ కూడా తప్పు వైపే ఉన్నట్టు అనిపించింది.

ఇంటికి వచ్చి అద్దం ముందు నిలబడితే అర్థమైంది. ఆరేళ్ళూ నేను దాన్ని అద్దంలోనే చూశాను. పాలు పోస్తే వంగిన వీపు కనిపించేది, ఎత్తుకుందామంటే ఒళ్ళోకి వచ్చే రకం కాదు. మేమిద్దరం ఒకరినొకరం చూసుకున్నదంతా అద్దంలోంచే. చెవి ఏదో కూడా తెలియని దాన్ని చేతి మీద వేయించుకుంటానని బయలుదేరాను. ఆ మాట నీకు రాయడానికి చెయ్యి రాలేదు. కాగితం తియ్యడం, మడిచి పెట్టడం. ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. నిలబడి మొదలుపెట్టి, మధ్యలో కూర్చున్నాను.

నీ కాలి మీద పిల్లికి చెవి తప్పు. అది చెరిగేది కాదని నాకు తెలుసు. సరి చేద్దామని మీ మాస్టర్ అన్నా ఒప్పుకోకు. టీచరమ్మ ఫోటోలో ఉన్నది అందరూ చూసిన పిల్లి. నేను చూసిన పిల్లి వేరే ఉంది. కత్తెర ఆపి తలెత్తినప్పుడల్లా నన్ను చూసింది అదే. ఇప్పుడు తలెత్తితే అద్దంలో ఉత్త బెంచీ కనిపిస్తోంది. కాబట్టి మా మేనేజర్ నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

ఈ సోమవారం దుకాణం మూసి పొద్దుటి బస్సుకి వస్తున్నాను. దాన్ని చూడటానికి అని రాయబోయాను. అది ఒక్కటే కాదు.

చిన్నప్పుడు నీ జుట్టు నేనే కత్తిరించేదాన్ని. కుర్చీ చేతుల మీద చెక్క వేసి కూర్చోబెడితే నువ్వు అద్దంలో నాకు నాలుక చూపించేదానివి. మెట్ల మీద పడినప్పుడు నీ కనుబొమ చీలి ఒక గాటు మిగిలింది. అది ఏ కనుబొమో పొద్దుట్నుంచీ గుర్తు తెచ్చుకుంటున్నాను. ఎడమ అనిపిస్తుంది. మరుక్షణం నా మీద నాకే నమ్మకం పోతుంది. నువ్వు కూడా నాకు అద్దంలోంచి తెలిసిన పిల్లవేనేమోనని భయంగా ఉంది.

బస్టాండుకి రా. నేను దిగగానే ఎదురుగా వచ్చి నిలబడు. పిల్లిని తర్వాత చూస్తాను. ముందు నీ ముఖం చూడాలి.

నీ అత్త